ఎనిమిది ప్రశ్నల లెక్క

మగవాడైతే 21. వయసు 33కీ 46కీ మధ్య ఉంటే 12. మగవాళ్లతో లైంగిక సంబంధం ఉంటే 22. సూదితో మత్తుమందు ఎక్కించుకునే అలవాటుంటే 9. ఇదివరకే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుని ఉంటే అందులోంచి 4 తీసెయ్యాలి. ఇలా మొత్తం ఎనిమిది ప్రశ్నలు. అన్నీ కూడితే వచ్చే అంకె మైనస్ 14 నుంచి 81 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంకె పెరిగేకొద్దీ, తనకే తెలియకుండా ఆ మనిషి ఒంట్లో హెచ్‌ఐవీ ఉండే అవకాశం పెరుగుతుందన్నమాట.

ఈ పట్టిక పేరు డెన్వర్ హెచ్‌ఐవీ రిస్క్ స్కోర్. 2012లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీలో అచ్చయింది. తయారుచేసిన బృందానికి పెద్ద జేసన్ హౌకూస్. డెన్వర్ హెల్త్ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డాక్టరు. గుండెనొప్పులూ, కారు ప్రమాదాలూ, కత్తిపోట్లూ చూసుకునే మనిషికి హెచ్‌ఐవీతో ఏం పని అనిపించొచ్చు. అమెరికాలో ఇన్సూరెన్సు లేని పేదవాడు ఏ జబ్బు చేసినా చివరికి వెళ్లేది ఎమర్జెన్సీకే. మరే డాక్టరూ చూడని మనిషి అక్కడ కనిపిస్తాడు. వైరస్ ఉండి, ఉన్నట్టు తెలియని వాళ్లు ఎక్కువగా తారసపడేది ఆ గుమ్మంలోనే.

కథ మాత్రం ఇంకా వెనక్కి వెళ్తుంది. హెచ్‌ఐవీ యాంటీబాడీలను పట్టే మొదటి పరీక్షకు అమెరికాలో అనుమతి దొరికింది 1985 మార్చిలో. అప్పటి ఆత్రమంతా బ్లడ్ బ్యాంకుల్లోని రక్తాన్ని శుభ్రంగా ఉంచాలన్నదే. మనిషికి పరీక్ష చేసి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మందు లేదు. పాజిటివ్ అని తేలితే ఉద్యోగం పోయేది, ఇల్లు ఖాళీ చెయ్యమనేవాళ్లు. అందుకే పరీక్ష చుట్టూ పెద్ద కంచె కట్టారు: విడిగా సంతకం, ముందొక కౌన్సెలింగు, తర్వాత ఇంకొక కౌన్సెలింగు. ఆ రోజులకు అది న్యాయమే. భయం నిజమైనది, కంచె అవసరమైనది.

1996 వచ్చేసరికి మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సతో చావులు తగ్గడం మొదలైంది. 2002 నవంబరులో వేలిని పొడిచి తీసిన రక్తపు చుక్కతో ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే ఓరాక్విక్ అనే పరీక్షకు అనుమతి వచ్చింది. మందు వచ్చింది, పరీక్ష తేలికైంది, కంచె మాత్రం కదల్లేదు. పెద్ద ఆసుపత్రుల్లో సైతం రోగిని చూసి, ‘ఇతనికి ఉండొచ్చు’ అని డాక్టరుకు అనుమానం వస్తేనే పరీక్ష. ఆ అనుమానం ఎవరి మీద కలుగుతుందో, ఎవరి మీద కలగదో ఊహించడం కష్టం కాదు. టై కట్టుకుని వచ్చినవాణ్ని ఎవరూ అడగరు. అడిగినా నిజం చెప్పేవాళ్లు తక్కువ. ఆ నాటికి అమెరికాలో వైరస్‌తో బతుకుతున్న పదిలక్షల పైచిలుకు జనంలో పావువంతు మందికి తమకు అది ఉన్నట్టే తెలియదని అంచనా.

2006 సెప్టెంబరులో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కంచె పీకేసింది. 13 ఏళ్ల నుంచి 64 ఏళ్ల వరకు, ఏ ఆసుపత్రికి ఏ పని మీద వచ్చినా, అందరికీ పరీక్ష చెయ్యండి అంది. విడిగా సంతకాలు వద్దు. చేస్తున్నామని చెప్పండి, వద్దన్నవాళ్లను వదిలెయ్యండి. మీ దగ్గరికి వచ్చే వాళ్లలో కొత్తగా బయటపడేవి వెయ్యికి ఒకటి కంటే తక్కువని తేలితే మానుకోవచ్చు. మూడు ముక్కల్లో సారాంశం: ముప్పు ఎవరికి ఉందని ప్రశ్నలు వెయ్యడం మానండి.

కాగితం మీద ఇది ఎంత సులువో, ఎమర్జెన్సీలో అంత కష్టం. రోజుకు వందల మంది వచ్చే చోట ప్రతి ఒక్కరికీ కిట్టు ఎవరు కొంటారు? చేసే నర్సు ఎక్కడుంది? పాజిటివ్ వచ్చినవాడి పక్కన కూర్చుని మాట్లాడేదెవరు? ఈ ప్రశ్నలకు హౌకూస్ బృందం అభిప్రాయాలతో జవాబు చెప్పకుండా లెక్క వేసి చూద్దామనుకుంది. 2007 ఏప్రిల్ నుంచి 2009 ఏప్రిల్ దాకా రెండేళ్లపాటు డెన్వర్ హెల్త్‌లో నాలుగేసి నెలలు వంతులు మార్చారు. ఒక విడతలో అందరికీ పరీక్ష, కాదన్నవాళ్లు తప్ప. మరుసటి విడతలో పాత పద్ధతి, డాక్టరుకు అనుమానం వస్తేనే.

అందరికీ అన్న విడతల్లో 28,043 మంది అర్హులు వచ్చారు. పరీక్ష పూర్తయింది 6,933 మందికి, అంటే నాలుగోవంతు. కొత్తగా బయటపడినవి 15. డాక్టరు అనుమానం మీద నడిచిన విడతల్లో 29,925 మంది వస్తే పరీక్ష జరిగింది 243 మందికి, బయటపడినవి 4. నాలుగుకు పదిహేను. పద్ధతి గెలిచింది కదా అనిపిస్తుంది. కానీ ఈ ఫలితాలు చెప్పిన వ్యాసంలోనే ఇంకో అంకె ఉంది, నన్ను ఆపేసింది అదే. కొత్తగా దొరికిన వాళ్లలో, జబ్బుల నుంచి ఒంటిని కాపాడే సీడీ4 కణాల మధ్యస్థ విలువ అందరికీ విడతల్లో 69, అనుమానం విడతల్లో 13. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇది 500 పైన ఉంటుంది. 200 కిందికి దిగితే ఎయిడ్స్ అంటారు. అంటే దొరికినవాళ్లు కూడా చాలా ఆలస్యంగా దొరికారు. ఏళ్ల తరబడి వైరస్‌తో తిరిగి, ఒళ్లు పూర్తిగా గుల్లయ్యాక ఎమర్జెన్సీకి వచ్చి పడ్డారు. ఏడు వేల కిట్లు ఖర్చుపెట్టినా పట్టాల్సిన సమయంలో పట్టలేకపోయారు.

స్కోరు ఆలోచన పుట్టింది ఇక్కడే. అందరికీ చెయ్యడానికి చేతులు చాలవు, డాక్టరు అనుమానాన్ని నమ్మడానికి లేదు. మరి అనుమానాన్నే లెక్కలోకి మార్చి, ఎవరు అడిగినా ఒకే జవాబు వచ్చేలా చేస్తే?

వైద్యంలో మార్కులు వెయ్యడం కొత్తేమీ కాదు. పుట్టిన బిడ్డకు నిమిషంలో వేసే ఆప్గార్ మార్కులు 1953లో అచ్చయ్యాయి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊరి జనాన్ని దశాబ్దాలు గమనించి గుండెజబ్బు ముప్పును పాయింట్లలో చెప్పారు. మనకు దగ్గరిది చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో తెచ్చిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరు. వయసు, నడుం చుట్టుకొలత, ఒళ్లు వంచి పనిచేస్తారా లేదా, అమ్మానాన్నలకు షుగరు ఉందా అని నాలుగే సంగతులు అడిగి, 60 దాటితే రక్తపరీక్షకు పంపడం. చేతిలో టేపు ఉన్న ఆరోగ్య కార్యకర్త ఎవరైనా చేసెయ్యొచ్చు. నడుం కొలత అడిగితే ఎవరూ నొచ్చుకోరు. హెచ్‌ఐవీ స్కోరులో అడగాల్సినవి అలాంటివి కావు. తేడా అంతా అక్కడే ఉంది, కథ చివరిదాకా వెంటాడేది కూడా అదే.

డెన్వర్ నగర లైంగిక వ్యాధుల క్లినిక్కులో 1996 నుంచి 2008 వరకు పరీక్ష చేయించుకున్న 92,635 మంది వివరాలు పోగుపడి ఉన్నాయి. అందులో 504 మందికి కొత్తగా హెచ్‌ఐవీ బయటపడింది. ఆ 504 మందికీ మిగతా వాళ్లకూ తేడా ఎక్కడుందో హౌకూస్ బృందం లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతితో వెతికింది. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు ఈ ఒక్క సంగతి ముప్పును ఎంత పెంచుతోంది, ఎంత తగ్గిస్తోంది అని ఒక్కోదానికీ ఒక బరువు వస్తుంది. ఆ బరువులను దగ్గరి పూర్ణాంకాలుగా మార్చారు, నర్సు మనసులో కూడుకోగలిగేలా. చివరికి నిలిచినవి ఎనిమిది: వయసు, ఆడా మగా, జాతి, మగవాళ్లతో సంబంధం, యోని సంభోగం, గుద సంభోగంలో గ్రహీత కావడం, సూదితో మత్తుమందు, గతంలో పరీక్ష.

ఇందులో రెండు అంకెలు చూస్తే ఎవరికైనా తికమక కలుగుతుంది. యోని సంభోగం ఉంటే మైనస్ 10. అంటే అది రక్షిస్తుందా? లేదు. డెన్వర్‌లో వైరస్ ఎక్కువగా తిరిగింది మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్ల మధ్య. స్త్రీలతోనూ సంబంధం ఉన్నవాళ్లలో అది తక్కువగా కనిపించింది, అంతే. రెండోది జాతి. నల్లజాతి వాళ్లకు 9. ఒంటి రంగు వైరస్‌ను పిలవదు. పేదరికం, వైద్యం అందకపోవడం, ఎవరు ఎవరితో కలుస్తారన్న సామాజిక గీతలు, ఇవన్నీ ఆ 9లో దాక్కున్నాయి. ఇటీవలి కాలంలో వైద్య లెక్కల్లోంచి జాతిని తీసెయ్యాలన్న వాదన అమెరికాలో బలపడింది. నా మటుకు నాకు ఆ వాదనలో న్యాయం కనిపిస్తుంది, లెక్క కాస్త తప్పినా సరే.

సొంతింట్లో ఏ లెక్కైనా బాగానే కుదురుతుంది. పరాయి ఊళ్లో నిలబడుతుందా అన్నది అసలు పరీక్ష. దీన్ని సిన్సినాటి నగరంలో పరీక్షలు చేయించుకున్న 22,983 మంది మీద పెట్టి చూశారు. వాళ్లలో కొత్త కేసులు 168. వైరస్ ఉన్న ఒకణ్నీ లేని ఒకణ్నీ పక్కపక్కన నిలబెడితే, ఉన్నవాడికే ఎక్కువ మార్కులు పడే అవకాశం డెన్వర్‌లో నూటికి 85. సిన్సినాటిలో 75కి తగ్గింది. నాణెం ఎగరేస్తే 50. కాబట్టి 75 చెడ్డదేమీ కాదు.

50 మార్కులు దాటినవాళ్లు 1,588 మందే ఉంటే, వాళ్లలో 57 మందికి వైరస్ ఉంది. నూటికి మూడున్నర పైన. 20 లోపు వచ్చిన 8,782 మందిలో 27 మందికే, నూటికి 0.31. పదిరెట్లకు పైగా తేడా. ఇంతవరకు చదివి చప్పట్లు కొట్టొచ్చు. కొంచెం ఆగి మిగతా వరస కూడా కూడితే వేరే బొమ్మ కనిపిస్తుంది. 20 నుంచి 29 మధ్య 8,677 మందిలో 36 మంది. అంటే 30 లోపు మార్కులొచ్చిన వాళ్లలోనే 63 మంది పాజిటివ్‌లు ఉన్నారు. మొత్తం 168లో ఇది నూటికి 37.5. ముప్పు తక్కువని పక్కన పెడితే చేజారేది ఇంతమంది.

ఇది డెన్వర్ లెక్కలోని లోపం కాదు. బ్రిటన్‌కు చెందిన జెఫ్రీ రోజ్ అనే వైద్యుడు 1985లో రాసిన వ్యాసంలో ఈ చిక్కును విడమరిచి చెప్పాడు. ముప్పు ఎక్కువున్న కొద్దిమంది నుంచి వచ్చే కేసుల కంటే, ముప్పు తక్కువున్న పెద్ద గుంపు నుంచి వచ్చే కేసులే కొన్నిసార్లు ఎక్కువ. రిస్క్ స్కోరు ఏదైనా సరే, ఈ గోడను ఢీకొనక తప్పదు.

స్కోరును తిరిగి డెన్వర్ హెల్త్ ఎమర్జెన్సీలోకే తెచ్చి పెట్టి 2013లో ఫలితాలు చెప్పారు. స్కోరు వాడిన కాలంలో పరీక్షలు 551, కొత్త కేసులు 7. అందరికీ చేసిన కాలంలో పరీక్షలు 3,591, కొత్త కేసులు 7. ఆరోవంతు కిట్లతో అన్నే కేసులు! డబ్బు పెట్టే వాళ్లకు ఇంతకంటే కమ్మని మాట ఏముంటుంది? అయితే ఇక్కడ ఉన్నది రెండు ఏడులు. ఒకరిద్దరు ఆ వారం జ్వరమొచ్చి రాకపోయినా కథ మారిపోయేది. పైగా ఒక కాలాన్నీ ఇంకో కాలాన్నీ పోల్చారు, రోగులను చీటీలు వేసి విడదీయలేదు.

ఆ చీటీల పని తర్వాత జరిగింది. డెన్వర్, బాల్టిమోర్, సిన్సినాటి, ఓక్లాండ్ నగరాల్లో నాలుగు ఎమర్జెన్సీలు. 2014 నుంచి 2016 వరకు 76,561 మంది రాకలను యాదృచ్ఛికంగా మూడు దారుల్లోకి పంపారు. ఒకటి, అందరికీ పరీక్ష. రెండు, డెన్వర్ స్కోరు. మూడు, అంకెలేమీ లేకుండా మామూలు ముప్పు ప్రశ్నలు. ఫలితాలు 2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్‌లో వచ్చాయి. అందరికీ అన్న దారిలో 6,744 పరీక్షలు, 10 కొత్త కేసులు. స్కోరు దారిలో సగానికి పైగా మంది అర్హులని తేలినా, పరీక్ష పూర్తి చేసుకున్నది 4,488 మంది, కేసులు 7. మామూలు ప్రశ్నల దారిలో 3,173 పరీక్షలు, కేసులు 7.

స్కోరు గెలవలేదు. పరీక్షలకు దొరికిన కేసుల నిష్పత్తిలో అందరికీ పరీక్ష కంటే మెరుగని తేలలేదు, అంకెల్లేని పాత ప్రశ్నల కంటే కూడా మెరుగనిపించలేదు. ఆ వ్యాసానికి మొదటి పేరు ఎవరిదో చూడండి: జేసన్ హౌకూస్. తన చేత్తో చేసిన పనిముట్టు ఆశించినంత పని చెయ్యలేదని తనే పెద్ద ప్రయోగం పెట్టి, తనే అచ్చేశాడు. ఆవిష్కర్తల చరిత్రల్లో ఇలాంటి పుటలు అరుదు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

లెక్క తప్పలేదు, మరి ఎందుకు ఓడింది? ప్రతి దారిలోనూ జనం జారిపోయారు. ముప్పు ఉందని స్కోరు చెప్పిన వాళ్లలో పరీక్ష చేయించుకున్నది మూడోవంతు లోపే. తలకు దెబ్బ తగిలి వచ్చినవాణ్ని పట్టుకుని ‘మగవాళ్లతో పడుకుంటారా’ అని అడిగితే ఏం చెబుతాడు? అడిగే నర్సుకు మాత్రం నోరు ఎలా వస్తుంది? పరిశోధన కోసం తీరిగ్గా వేసిన ప్రశ్నల మీద కట్టిన లెక్క, గోలగోలగా ఉన్న వార్డులో అరకొర జవాబుల మీద నడవాలి. ఎనిమిదింట్లో ఆ ఒక్క జవాబు అబద్ధమైతే 22 మార్కులు ఎగిరిపోతాయి.

ఇక మన సంగతి. ఈ పట్టికను తెచ్చి మన ఆసుపత్రుల్లో పెడితే ఏమవుతుందో వేసి చూడండి. ముప్పై అయిదేళ్ల ఇల్లాలు, భర్త తప్ప వేరే సంబంధం లేదు. వయసుకు 12, మగవాడితో సంబంధానికి 22, యోని సంభోగానికి మైనస్ 10. మొత్తం 24. కాన్పు సమయంలో హెచ్‌ఐవీ పరీక్ష జరిగి ఉంటే ఇంకో 4 పోయి 20. అదే వయసు లారీ డ్రైవరు, స్త్రీలతో మాత్రమే సంబంధం: 12, 21, మైనస్ 10, మొత్తం 23. అతను దారిలో ఎక్కడ ఆగినా, ఎక్కడా ఆగకపోయినా అంకె మారదు. తెలుగు నేల మీద ఈ వైరస్ ఎక్కువగా నడిచిన దారి స్త్రీ పురుష సంబంధాలే. భర్త నుంచి భార్యకు సోకిన కేసులు మన ఊళ్లలో ఎన్నో. డెన్వర్ పట్టికలో భర్త ఏం చేస్తాడన్న ప్రశ్నే లేదు. ఎక్కడి జనం మీద కట్టిన స్కోరు అక్కడి జనానికే. పరాయి పట్టికను అనువదించి అతికిస్తే కుదరదు, మన రక్తనమూనాలతో మన బరువులు కట్టుకోవాలి.

మన దేశం అసలు వేరే దారిన వచ్చింది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సెక్స్‌వర్కర్ల రక్తనమూనాల్లో దేశంలోని మొదటి కేసులను గుర్తించారు. ఆ తర్వాత ఇక్కడ మనిషికి కాదు, గుంపులకు మార్కులు వేశారు. సెక్స్‌వర్కర్లు, మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు, సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు అని విడదీసి వాళ్ల మధ్యకే కార్యకర్తలను పంపారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ఆవాహన్ కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో ఒకటిగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. దీనికి తోడు గర్భిణులకూ, క్షయ రోగులకూ ముప్పు ప్రశ్నలు లేకుండానే పరీక్ష. పైన లెక్క వేసిన ఇల్లాలు మన దగ్గర పట్టుబడేది ఏ స్కోరు వల్లా కాదు, కాన్పు వల్లే. పిల్లలు పుట్టేసిన ఇల్లాలిని, ఆమె భర్తను తనంతట తాను అడిగే గుమ్మం దాదాపుగా లేదు. 2021 అంచనాల్లో పెద్దల్లో హెచ్‌ఐవీ దేశం మొత్తం మీద 0.21 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47.

ఆఫ్రికాలో ఈ ఆలోచన ఇంకో మలుపు తిరిగింది. 2014లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం వైరస్ ఉన్నవాళ్లలో నూటికి 90 మందికి ఆ సంగతి తెలియాలని లక్ష్యం పెట్టింది. లక్ష్యం దగ్గరపడేకొద్దీ మిగిలినవాళ్లను వెతకడం కష్టమైంది, పరీక్షలు పెరిగినా దొరికేవాళ్లు తగ్గారు. అప్పుడు కెన్యా లాంటి చోట్ల క్లినిక్కుకు వచ్చిన పెద్దల్లో ముందు ఎవరికి చెయ్యాలో తేల్చే స్కోర్లు తయారయ్యాయి. ఇక్కడ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన జాగ్రత్త గమనించదగ్గది: స్కోరును ఒకణ్ని పరీక్షకు పిలవడానికి వాడండి, తనంతట తాను అడిగినవాణ్ని వెనక్కి పంపడానికి వాడకండి.

సిన్సినాటిలో 30 మార్కుల లోపు దొరికిన 63 మంది ఆ జాగ్రత్తకు సాక్ష్యం. స్కోరు చేయగలిగింది క్యూలో ఎవరు ముందో చెప్పడమే. క్యూలోంచి తోసెయ్యడానికి వాడితే అది పాత డాక్టరు అనుమానమే, కాకపోతే అంకెల చొక్కా తొడుక్కుంది.

మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఏ మార్కులూ అడగకుండా, ఉచితంగా హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. మీ అనుమతి లేనిదే పరీక్ష చెయ్యకూడదనీ, ఫలితం బయటపెట్టకూడదనీ 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. పెళ్లయినవాళ్లైనా, కానివాళ్లైనా, ఒక్కసారి కూడా చేయించుకోకపోతే వెళ్లి చేయించుకోండి. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో చెప్పే ఉచిత ఫోన్ నంబరు 1097.